బాక్సులో పట్టని చివరి వరస

మా కొట్లో పెళ్ళి కార్డులు గబగబా చదువుతాం, పెద్దకర్మ కార్డులు నెమ్మదిగా చదువుతాం. ఆ పద్ధతి నేను పెట్టిందే. పెళ్ళి కార్డులో పేరు తప్పు పడితే రెండు రోజులు కొట్టుకుని మళ్ళీ కలుస్తారు. చావు కార్డులో తప్పు పడితే, ఆ ఇంట్లో పోయిన మనిషిని తలుచుకున్నప్పుడల్లా మమ్మల్ని కూడా తలుచుకుంటారు.

కొట్టు మండపేటలో, రైసు మిల్లుల దారిలో ఉంది. వెనక గదిలో అచ్చు మిషను. అది మా అబ్బాయిది. కానీ వాడు ఎక్కువగా ఫ్లెక్సులు కట్టించడానికి సెంటర్ల వెంట తిరుగుతూ ఉంటాడు. ముందు గదిలో కంప్యూటరు, దాని ముందు నా కోడలు. గుమ్మం పక్క కుర్చీలో నేను. నేను చదివింది ఐదో తరగతి, అదీ పూర్తిగా కాదు. నాట్ల రోజుల్లో మనిషి తక్కువైతే మా నాన్న బడి మాన్పించాడు, నాట్లయ్యాక మళ్ళీ పంపడం మర్చిపోయాడు. అయినా పైకి చదవడం వచ్చు. లారీల మోతలో కూడా వినబడేలా చదవడం వచ్చు. కొట్లో నా పని అదే. కోడలు టైపు చేసి పేజీ అమరుస్తుంది. నేను గట్టిగా చదువుతాను. కార్డు వేయించుకునే మనిషి విని, సరేనని సంతకం పెట్టాలి. ఆ సంతకం కూడా పాడైపోయిన కార్డు వెనకవైపు పెట్టిస్తాను. తెల్ల కాగితం మీద ప్రూఫ్ తీస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పోయిన వానల్లో కోడలు ఆ పేజీలు అమర్చే ప్రోగ్రాంలోకి తప్పులు పట్టేదాన్ని ఒకదాన్ని తగిలించింది. అక్షరం తప్పయితే కింద ఎర్ర గీత పడుతుంది. వాక్యం కుదరకపోతే నీలం గీత. పాత ఫాంట్లు వాడినన్నాళ్ళూ, మేము కొట్టేది తెలుగని మిషనుకి తెలిసేది కాదు. పాడైపోయిన ఇంగ్లీషనుకుని పేజీ అంతా ఎర్రగా చేసేది. కొత్త ఫాంట్లలోకి మారాక దానికి తెలుగు తెలిసింది. తెలిసినంత తెలిసింది.

"ఇంక మీరు గొంతు చించుకోనక్కర్లేదు అత్తయ్యగారూ," అంది కోడలు.

"కుర్చీ ఖాళీ చెయ్యమంటున్నావా?"

"అయ్యో, నేనలా అనలేదండి."

"అనలేదు. అనబోయావు."

తర్వాత కొన్నాళ్ళు నేను నోరు మూసుకుని దాని పని చూశాను. మా చుట్టుపక్కల ఊళ్ళ ఇంటిపేర్లన్నీ దానికి తప్పులే. ఒకాయన తండ్రి కార్డు వేయించుకోవడానికి వచ్చి, తెర మీద తండ్రి పేరు కింద ఎర్ర గీత చూసి, "మా నాన్నేం తప్పు చేశాడండీ?" అని బిక్కమొహం పెట్టాడు. చెయ్యని తప్పు ఉందా అన్నాను. ఆయన నవ్వలేదు. పెద్దకర్మ కార్డులో ఉండేది మొత్తం ఒక్కటే వాక్యం. మనిషి పోవడం దగ్గర మొదలై భోజనాల దగ్గర ఆగుతుంది. అంత పొడుగు వాక్యం చూసి మిషను ఆయాసపడి నీలం గీత గీసేది. కోడలు దాన్ని ముక్కలు చేసేది. ఏడుపు ఒక ముక్క, పిలుపు ఒక ముక్క, భోజనం ఒక ముక్క. గీతలన్నీ పోయాక, తెర అడుగున "తప్పులు లేవు" అని పడేది. ఆ మాట చూస్తే కోడలి మొహం వెలిగేది.

మా పనిలో ఏ కార్డూ మొదటి నుంచి కొత్తగా కొట్టరు. పాత కార్డు తెరిచి, పాత పేర్ల మీద కొత్త పేర్లు కొడతారు. ఆ పాత కార్డుని మేము అచ్చు అంటాం. నిండు వయసులో పోయిన మగవాళ్ళకి ఒక అచ్చు, పసుపు కుంకుమలతో పోయిన ఆడవాళ్ళకి ఒకటి, వయసులో పోయినవాళ్ళకి ఒకటి. ఎవరో ఒకరు ముందు పోయి దారి చూపిస్తే, తర్వాతివాళ్ళు అందులో సర్దుకుంటారు.

నాకు జ్వరం వచ్చి కుర్చీలో లేని రోజున ఒక రైతు కార్డు పడింది. అంతకు ముందు పోయినాయన అల్లుడు, నిడదవోలు మనిషి, ఆ కార్డులో అలాగే మిగిలిపోయాడు. పేరు సరిగ్గా ఉంది, ఊరు సరిగ్గా ఉంది, వాక్యం సరిగ్గా ఉంది. తప్పులు లేవంది మిషను. కార్డులు పంచడం మొదలయ్యాక రైతు పెద్దకొడుకు కొట్టు మీదకి వచ్చాడు.

"మా చెల్లెళ్ళు ఇద్దరండీ! ముగ్గురు అల్లుళ్ళేంటండీ? ఊళ్ళో మా అమ్మ మొహం ఎలా చూపించుకోవాలి?"

"ఏడ్చేవాడు ఒకడు ఎక్కువయ్యాడు. అంత మండిపడతారేంటి?" అన్నాను.

అన్నాను గానీ కార్డులన్నీ మళ్ళీ వేసి ఇచ్చాం. పాడైపోయిన కార్డుల కట్టలు నేనే మోసి, సంతకాలకి పనికొస్తాయని వెనక గదిలో పేర్చాను. కోడలు ఆ పూట అన్నం తినలేదు. నేను తినమనలేదు. మర్నాడు నా కుర్చీ నాకు వచ్చింది. అప్పటినుంచి గీతలు పోగొట్టే పని మిషనుది, చదివే పని నాది.

నేను చదివేది పేజీ చూసి కాదు. ఆ ప్రోగ్రాంలో ఇంకో కిటికీ ఉంది. ఫోటోలు, పూలదండలు, దీపాలు లేకుండా మాటలొక్కటే పెద్ద అక్షరాలతో అందులో కనబడతాయి. నా కళ్ళకి అదే సుఖం. పేజీ మీద బాక్సులో పట్టకుండా మిగిలిపోయిన మాటలు కూడా అందులో కనబడతాయి. బాక్సు ఎక్కడితో నిండిందో అక్కడ అడ్డంగా ఒక ఎర్ర గీత ఉంటుంది. దాని కిందవన్నీ కార్డు మీద పడని మాటలు.

ఇంకొక పద్ధతి కూడా చెప్పాలి. ఒకసారి ఒక తాతగారు గృహప్రవేశం కార్డులో, విడిపోయిన కోడలి పిల్లల పేర్లు వేయించుకుపోయాడు. ఆ తల్లి వచ్చి కొట్టు ముందు నిలబడి మట్టి ఎత్తి పోసి శపించింది. ఆ కార్డులు ఎవరికీ పనికిరాకుండా పోయాయి. నాకు శాపనార్థాలు పట్టవు. నేను పట్టించుకునేది పాడైన కార్డుల్నే. ఆ సాయంత్రమే గోడకి అట్ట కట్టించాను: "పిల్లల పేర్లు వేయుటకు తల్లి గాని తండ్రి గాని చెప్పవలెను."

ఇప్పుడు ఆ రోజు సంగతి.

దాళ్వా కోతలై, మిల్లుల ముందు ధాన్యం ఆరబోసి ఉన్న రోజులు. మా కొట్టుకి కాస్త అవతల ఉన్న మిల్లు ఆసామి కార్డు కోసం వచ్చాడు. పోయింది ఆయన తమ్ముడు. రొయ్యల చెరువు గట్టు మీద మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ముప్ఫై దాటి ఉంటాయేమో. ఆ తమ్ముడు సముద్రం వైపు చెరువులు లీజుకి పట్టి, అక్కడే ఉండిపోయి, వేటకి వెళ్ళేవాళ్ళ ఇంటి పిల్లని చేసుకున్నాడు. ఆ పెళ్ళికి కార్డు మా దగ్గర పడలేదు. ఎవరి దగ్గరా పడలేదు. తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. పిల్ల పుట్టాక మిల్లువాళ్ళు మెత్తబడి తమ్ముణ్ణీ పెళ్ళాన్నీ ఇంటికి రానిచ్చారు. ఎందుకంటే అన్నగారికి పిల్లల్లేరు.

తమ్ముడు పోయిన మర్నాడే దారంతా ఒకటే మాట అనుకుంది. పెద్దకర్మ అయ్యాక ఆ అమ్మాయిని పుట్టింటికి పంపేస్తారు, పిల్లని ఉంచేసుకుంటారు. హమాలీలు అనుకున్నారు, టీ కొట్టులో అనుకున్నారు. ఆసామి మొహం మీద ఎవరూ అనలేదు. మేమూ అనలేదు. ఆ మిల్లు బస్తాల స్టిక్కర్లు మా కొట్లోనే పడేవి.

ఆసామి కుర్చీలో కూర్చుంటే కోడలు ఆయన కోసం ఫాను వేసింది. ఆయన జేబులోంచి కాగితం తీశాడు. పేర్లన్నీ స్వయంగా రాసుకొచ్చాడు. అన్నావదినలు, అక్కాబావలు, మేనత్తలు, తర్వాత కూతురు అని ఆ పసిదాని పేరు, అందరికంటే అడుగున భార్య.

కోడలు భార్య పేరు పైకి జరపబోయింది. ఏ కార్డులోనైనా అదే ముందు ఉంటుంది.

"ఎలా రాశానో అలాగే కొట్టమ్మా," అన్నాడాయన.

కొట్టింది. ఎర్ర గీతలూ నీలం గీతలూ సర్దింది. ఆయన తెర వైపు వంగి చూశాడు.

"మా పేర్లు మరీ సన్నగా ఉన్నాయి. ముసలాళ్ళు చదవలేరు. కొంచెం పెంచమ్మా."

పెంచింది.

"ఇంకొంచెం."

ఇంకొంచెం పెంచింది. పేర్లన్నీ ఒకదాన్నొకటి కిందికి తోసుకున్నాయి. అడుగునున్న వరస బాక్సులోంచి జారి కనబడకుండా పోయింది. బాక్సు మూల చిన్న ఎర్ర గుర్తు పడింది. లోపల పట్టని మాటలున్నాయని దానర్థం.

"ఒక వరస లోపలికి పోయిందండి. బాక్సు కిందికి లాగుతాను," అంది కోడలు.

"వద్దమ్మా. పూలదండ నలిగిపోతుంది. అలా ఉంచు, బావుంది."

ఆయన వెనక్కి జారబడి కూర్చున్నాడు. ఏ వరస పోయిందో ఆయన అడగలేదు. తెలియనివాడైతే అడుగుతాడు.

"ఏదో తప్పులు చూపిస్తుందంట కదా మీ మిషను. చూపించు మరి."

కోడలు నొక్కింది. తెర అడుగున "తప్పులు లేవు" అని పడింది.

"ఇంకేంటి మరి! సంతకం ఎక్కడ పెట్టాలి మామ్మగారండి?"

"చదవాలి బాబూ. చదవందే సంతకం లేదు," అన్నాను.

కళ్ళజోడు తుడుచుకుంటుంటే కొట్టు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఆ అమ్మాయి దిగింది. నలిగిన వాయిల్ చీర. చేతులకి గాజులు ఇంకా ఉన్నాయి, నుదుట బొట్టు ఇంకా ఉంది. అవి తీసే రోజు ఇంకా రాలేదు. ఆ రోజు అయ్యేదాకా అలాంటి ఆడది వీధిలోకి రాదు. ఎదురుగా టీ కొట్టువాడు గ్లాసులు కడగడం ఆపి చూశాడు. ఆటోలో వెనక సీటు మీద పిల్ల నిద్రపోతోంది.

అమ్మాయి మెట్టు ఎక్కబోయింది.

"అక్కడే ఆగు అమ్మాయ్. మైలలో ఉన్నావు. గుమ్మం దాటకు," అన్నాను.

ఆగింది. లోపల కూర్చున్న ఆసామిని చూసింది.

"బావగారు లోపల కూర్చున్నారు కదండి. ఆయనకి లేని మైల నాకెక్కడిదండి?"

ఆమె అన్నది నిజమే. తమ్ముడు పోతే అన్నకి మైల ఉండదని ఎవరు చెప్పారు? మిల్లు ఆసామి కదా అని నేను పట్టించుకోలేదు. పద్ధతి అంటూ పెట్టాక ఒకరికి పెట్టి ఒకరికి మానకూడదు.

"బాబూ, మీరు కూడా లేచి బయట నిలబడండి," అన్నాను.

"అదేంటండీ మామ్మగారూ! మిల్లు వదిలేసి వచ్చి..."

"మిల్లుకి మైల లేదు. మీకుంది."

లేచాడు. ఆయన కోసం వేసిన ఫాను కట్టేశాను. ఇద్దరూ మెట్ల కింద ఎండలో, రోడ్డు మీద నిలబడ్డారు. ఇటు ఒకరు, అటు ఒకరు. కోడల్ని తెర రోడ్డు వైపు తిప్పమన్నాను. నేను చదివే కిటికీ తెరవమన్నాను. ధాన్యం ఎగదోస్తున్న హమాలీలు ఇద్దరు పారలు పట్టుకునే దగ్గరికి వచ్చారు. పొమ్మనలేదు.

"ఎందుకొచ్చావ్ నువ్వు?" అని ఆసామి పళ్ళు బిగబట్టి అడిగాడు.

"కార్డు చూద్దామని వచ్చాను బావగారూ. నాకేం వద్దు. ఇల్లడగను, చెరువులడగను. కార్డులో ఆయన పక్కన నా పేరుంటే చాలు. పాపకి నేనే అమ్మనని నలుగురూ చదవాలి."

"నీ పేరు రాసే ఇచ్చాను. కాగితం చూసుకో."

అది అబద్ధం కాదు. రాసే ఇచ్చాడు.

నేను చదవడం మొదలుపెట్టాను. మనిషి పోయిన ముక్క చదివాను, పిలుపు ముక్క చదివాను, భోజనాల ముక్క చదివాను. తర్వాత పేర్లు. అన్నగారి పేరు దగ్గర గొంతు ఎత్తలేదు, దించలేదు. మేనత్తలు అయ్యారు. కూతురు అని పసిదాని పేరు వచ్చింది. దాని కింద ఎర్ర గీత, బాక్సు అక్కడితో నిండిపోయింది. నేను ఆగకుండా గీత కిందికి వెళ్ళి, భార్య అని ఆ అమ్మాయి పేరు కూడా అంత గట్టిగానే చదివాను.

అమ్మాయి ఊపిరి వదిలింది.

"అది కార్డు మీద పడదు కదండీ," అన్నాడు ఆసామి.

"పడదు."

"పడనిది ఎందుకు చదివారు?"

"అందులో ఉంది. చదివాను."

అమ్మాయి నన్నొకసారి, కోడల్నొకసారి చూసింది.

"పడదంటే ఏంటండి?"

"బాక్సులో చోటు లేదమ్మా," అంది కోడలు తల వంచుకుని.

"ఆ పూలదండ కొంచెం తగ్గిస్తే ఉంటుంది కదండి చోటు?"

 ఆసామి అందుకున్నాడు.

"నేనేమన్నా తీసేశానా? అక్షరాలు పెంచమన్నాను, మిషను అలా పట్టించింది. తప్పుల్లేవని కూడా అదే చెప్పింది. అందరూ చూస్తున్నారు కదా."

నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద జాలితో కాదు. పేరు కొట్టెయ్యాలనుకున్నవాడు కొట్టెయ్యమని చెప్పాలి. అక్షరం ఇంకొంచెం, ఇంకొంచెం అని పెంచుకుంటూ మనిషిని బయటికి తోసి, చేతులు దులుపుకుని, మా మిషను మీద పెడతాడా?

"మిషను మీద వెయ్యకండి బాబూ," అన్నాను. "ఉంచమంటే బాక్సు పెంచుతుంది, తియ్యమంటే తీసేస్తుంది. దానికేం బాధ లేదు. ఆ రెండిట్లో ఒకటి మీ నోటితో చెప్పండి. జారిపోయిన పేరు మా కొట్లో కుదరదు. ఉంటే కార్డు మీద ఉండాలి, లేదంటే తీసెయ్యాలి."

"మామ్మగారూ, ఇది మా ఇంటి విషయం."

"మీ ఇంట్లో అచ్చు వేసుకుంటే మీ ఇంటి విషయం."

హమాలీల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆసామి వాడి వైపు చూశాడు. వాడు పార భుజాన వేసుకున్నాడు గానీ వెళ్ళలేదు.

ఆసామి సిగ్గుపడి ఉంచమంటాడని నేననుకున్నానా అని తర్వాత కోడలు నన్ను అడిగింది. అనుకోలేదు. సొంత హమాలీల ముందు, నడిరోడ్డు మీద, అంతటి మనిషి మాట వెనక్కి తీసుకుంటాడని ఎలా అనుకుంటాను?

"తియ్యండి," అన్నాడు.

కోడలి చెయ్యి కదలలేదు.

"తియ్యమన్నారు కదా, తియ్యి," అన్నాను.

తీసింది. బాక్సు మూల ఎర్ర గుర్తు కూడా పోయింది. పేజీ శుభ్రపడింది.

అమ్మాయి ఏడుస్తుందనుకుని టీ కొట్టువాడు బెంచీ ఒకటి తెచ్చి రోడ్డు మీద వేశాడు. ఆమె కూర్చోలేదు. దాహం వేస్తోందంది. నేను చెంబు తెచ్చి, మెట్టు మీద నుంచే ఆమె దోసిట్లో నీళ్ళు పోశాను. తాగి, పైట చెంగుతో మూతి తుడుచుకుని, గోడకున్న అట్ట వైపు చూసింది. పెదాలు కదుపుతూ చదివింది.

"అయితే పాప పేరు కూడా తీసెయ్యండి మామ్మగారండి."

ఆసామి ఒక్క అంగలో మెట్టు దగ్గరికి వచ్చాడు. "దాని పేరెందుకు తీస్తారు? అది మా తమ్ముడి కూతురు!"

"మరి నేనెవర్నండి?"

"అది మా ఇంటి పిల్ల."

"పిల్ల ఇంటికి పుట్టదు బావగారూ. నాకు పుట్టింది."

"మామ్మగారూ, మీరు దాని మాట వినకండి. కార్డు వేయించేది నేను. నా మాట వినండి."

నేను అట్ట చూపించాను. "తల్లి గాని తండ్రి గాని చెప్పవలెను అని ఉంది బాబూ. తండ్రి ఇంక చెప్పడు. మిగిలింది తల్లి. ఈ అమ్మాయి తల్లి కాదంటారా? అయితే అది కూడా ఇందాకటిలాగే గట్టిగా చెప్పండి. అందరూ ఇక్కడే ఉన్నారు, వింటారు."

 ఆటోలో పిల్ల కదిలి, ఇటు నుంచి అటు తిరిగి పడుకుంది. ఆయన ఆ పిల్లనే చూస్తూ నిలబడ్డాడు. ఎండకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గొంతు తగ్గించి అన్నాడు:

"సరే. దీని పేరు కూడా పెట్టండి. ఎక్కడ పెడతారో పెట్టండి. పైన పెట్టినా నాకేం లేదు. పాప పేరు మాత్రం తియ్యకండి."

కోడలు గబుక్కున తెర ముందుకి వంగింది. ఆ అమ్మాయి అడగడానికి వచ్చింది అదే. ఎండలో నిలబడి, మైలలో వీధిలోకొచ్చి, నలుగురి నోళ్ళలో పడి అడిగింది అదే. ఇప్పుడు ఇస్తున్నాడు.

"వద్దండి," అంది అమ్మాయి.

"ఏంటి వద్దు?" అన్నాడు ఆసామి.

"తియ్యమన్నారు కదండి. విన్నాను. ఇప్పటిదాకా ఊళ్ళో వాళ్ళు అంటుంటే నమ్మలేదు. ఈవేళ నా పేరు పెట్టి, రేపు కర్మ అయ్యాక తియ్యరా? ఇక్కడంటే ఈ మామ్మగారు అడిగేరు. అక్కడ ఎవరు అడుగుతారండి?"

కోడలు నా వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పమన్నట్టు, సర్దుకొమ్మని చెప్పమన్నట్టు చూసింది. 

"అమ్మాయ్, మళ్ళీ మళ్ళీ అడగను. తీశాక తిరిగి పెట్టేది లేదు. తియ్యనా?"

"తీసెయ్యండి."

పసిదాని పేరు కూడా పోయింది. అమ్మాయి వెళ్ళి ఆటో ఎక్కి, పిల్ల తల ఒళ్ళోకి తీసుకుంది. మిల్లు ఇంటి వైపు కాదు, రైలెక్కే ద్వారపూడి వైపు కాదు, కిందికి, సముద్రం దారిలో పొమ్మంది డ్రైవర్ని. బట్టల మూట కూడా లేదు వాళ్ళ దగ్గర. ఆసామి రెండడుగులు ఆటో వెంట వేసి, హమాలీలు చూస్తున్నారని గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఆయన అక్కడి నుంచి కదలడానికి కొంతసేపు పట్టింది. కోడలు మాటల కిటికీ మూసి, పేజీ చూపించింది. రెండు వరసలు పోయేసరికి బాక్సు అడుగున తెల్లగా ఖాళీ మిగిలింది.

"ఇక్కడ బోసిగా ఉందండి. అక్షరాలు ఇంకొంచెం పెంచమంటారా?" అంది. ఎత్తిపొడుపుగా అందో, అలవాటుగా అందో నాకు తెలియదు.

ఆయన ఆ ఖాళీ వైపు చూశాడు. "మిల్లు పేరు వెయ్యండి," అన్నాడు.

వేసింది. మిషను చూసి, తప్పులు లేవంది. నేను మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆయన రోడ్డు మీదే నిలబడి, ఎవరిదో పాడైన పెళ్ళి కార్డు వెనక సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం కోడలు సామాను సర్దుతూ సర్దుతూ, చివరికి ఉండబట్టలేక అడిగింది.

"మీరు ఆ అమ్మాయికి మేలు చేద్దామనుకున్నారా అత్తయ్యగారూ, ఆయన్ని గెలుద్దామనుకున్నారా?"

"కార్డు చదివాను."

"మీరు ఊరుకుని ఉంటే, బాక్సు కొంచెం కిందికి లాగి నేనే పెట్టేసేదాన్ని. ఆయన చూసుకునేవాడు కాదు."

"చూసుకునేవాడు. చూసుకుని, మళ్ళీ వేయించేవాడు. ఆ కార్డులన్నీ పాడయ్యేవి. ఆ అమ్మాయేమో తన పేరుందన్న ధైర్యంతో ఆ ఇంట్లో కూర్చునేది. పిల్లని వాళ్ళు లాక్కున్న రోజున తెలిసేది."

 కోడలు లైట్లు ఆర్పింది. ఒకటి మర్చిపోతే నేను ఆర్పాను.

పెద్దకర్మ బాగా చేశారు. సామర్లకోట నుంచి వచ్చిన దూరపు చుట్టాలు కార్డు చదువుకుని, "పెళ్ళి కాకుండానే పోయాడా పాపం," అని ఆసామి భార్య చేతులు పట్టుకుని ఏడ్చారట. ఆవిడ తలూపిందట. తర్వాత ఆసామి మనుషుల్ని వెంటేసుకుని సముద్రం ఒడ్డుకి పిల్ల కోసం వెళ్ళాడు. పడవల దగ్గర మగవాళ్ళు కార్డు ఒకటి తీసి ఆయనకే చూపించి, "ఇందులో పిల్లేదండీ? మీ తమ్ముడికి పిల్లలున్నట్టు మీరే రాయలేదు కదండీ," అన్నారట. ఆ కార్డు వాళ్ళకి ఎవరు పంపారో నాకు తెలుసు. కొట్లో కట్ట విప్పి ఉండడం చూశాను, కోడల్ని అడగలేదు. అమ్మాయి ఇప్పుడు ఆ ఊళ్ళో చేపల గంప ఎత్తుకుంటోందని విన్నాను. అదీ సుఖమైన బతుకేం కాదు. మిల్లు స్టిక్కర్లు మా కొట్టుకి రావడం మానేశాయి.

ఈమధ్య ఒకాయన తమ్ముడి కార్డు కోసం వచ్చాడు. తమ్ముడికి పెళ్ళి కాలేదట. కోడలు వయసులో పోయినవాళ్ళ అచ్చు తెరవబోయింది.

"అది వద్దు. అందులో భార్యా పిల్లలూ ఉన్నారు, ఒక్కొక్కటే తీసుకుంటూ కూర్చోవాలి," అన్నాను. "మిల్లువాళ్ళది తెరువు."

నా వైపు ఒక్కసారి చూసింది. తెరిచింది. పేర్ల మీద పేర్లు కొట్టింది. మిషను తప్పులు లేవంది. నేను చదివాను. అందులో తియ్యాల్సింది మిల్లు పేరొక్కటే.